20 వేలతో ఆప్షన్స్ మొదలుపెట్టొచ్చా? కాల్ కొంటే పోయేది ప్రీమియమే కదా?

షేర్లు కొనడం అలవాటే, ఇప్పుడు 20 వేలతో ఆప్షన్స్ చూద్దామనుకుంటున్నా, కాల్ కొంటే పోతే ప్రీమియమే పోతుంది కాబట్టి రిస్క్ తక్కువే కదా అని అడిగారు. సగమే నిజమండీ.

కాల్ అంటే ఒక షేరుని ముందే అనుకున్న ధరకి (అదే స్ట్రైక్), ఫలానా గడువు తేదీకి (అదే ఎక్స్‌పైరీ) కొనే హక్కు. ఆ హక్కుకి కట్టేదే ప్రీమియం. కాల్ కొనడమంటే స్థలానికి బయానా ఇవ్వడం లాంటిదని చాలామంది చెబుతారు. ఒక తేడా మాత్రం చెప్పరు. బయానా చివర్లో ధరలో కలుస్తుంది, ప్రీమియం కలవదు. షేరు 1,400 దగ్గర ఉంది, 1,400 స్ట్రైక్ కాల్ 30 రూపాయలకు కొన్నారు, లాట్, అంటే ఒకేసారి కొనాల్సిన కట్ట, 500 షేర్లు అనుకుందాం. పెట్టుబడి 15 వేలు. ఎక్స్‌పైరీ నాటికి షేరు 1,420కి వెళ్లింది. పెరుగుతుందన్న మీ లెక్క కరెక్టే, కానీ కాల్ విలువ 20 రూపాయలే. 5 వేలు నష్టం, బ్రోకరేజీ, పన్నులు అదనం. షేరు 1,430 దాటితేనే మీకు మిగిలేది.

అదే షేరు కదలకుండా 1,400 దగ్గరే ఉండిపోతే 30 రూపాయలూ కరిగిపోతాయి. మొదట్లో నెమ్మదిగా, ఆఖరి వారంలో గబగబా. బడ్జెట్, కంపెనీ ఫలితాల ముందు ప్రీమియం ఉబ్బుతుంది, వార్త బయటికి రాగానే దిగిపోతుంది. షేరు పెరిగినా మన కాల్ ఎర్రగా కనిపించేది అందుకే.

అసలు కంగారు పెట్టేది డెలివరీ. నిఫ్టీ సూచీ ఆప్షన్స్‌లో ఎక్స్‌పైరీకి తేడా డబ్బు మాత్రమే చేతులు మారుతుంది. విడి షేర్ల ఆప్షన్స్ అలా కాదు, 2019 అక్టోబర్ నుంచి అన్నిటికీ షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి. పైన చెప్పిన కాల్‌ని, షేరు 1,420 దగ్గర ఉండగా అమ్మకుండా వదిలేస్తే 500 షేర్లకు 7 లక్షలు కట్టాలి. మా ఆఫీసులో ఒకతనికి ఎక్స్‌పైరీ వారంలో మార్జిన్ (బ్రోకర్ దగ్గర హామీగా ఉంచే డబ్బు) కట్టమని మెసేజ్ వచ్చింది. లాభంలో ఉన్నవాణ్ని నేనెందుకు కట్టాలని గొడవ. ఎక్స్‌పైరీకి నాలుగు రోజుల ముందు నుంచే డెలివరీ మార్జిన్ అడుగుతారని అతనికి తెలీదు. సరే అమ్మేద్దామని నా పక్కన కూర్చునే స్క్రీన్ తెరిచాడు. 20 రూపాయల విలువున్న కాల్‌ని 16కి కొంటామనేవాళ్లు ఉన్నారు, 24కి అమ్ముతామనేవాళ్లు ఉన్నారు, మధ్యలో ఎవరూ లేరు. ఆ స్ట్రైక్‌లో ట్రేడింగే అంతంత మాత్రం. చివరికి 17కి వదిలించుకున్నాడు. కొనేముందు ఆ రెండు ధరల మధ్య దూరం తప్పకుండా చూడండి.

ముందు కొనకుండానే ఆప్షన్స్ అమ్మి ప్రీమియం తీసుకుంటే రోజూ ఆదాయం అని టెలిగ్రామ్‌లో చెప్పేవాళ్ల జోలికి వెళ్లకండి. 20 వేలతో అది కుదరదు కూడా, లాటుకు లక్షల్లో మార్జిన్ కావాలి. అలా కాల్ అమ్మితే నష్టానికి హద్దే ఉండదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్క తీస్తే, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైగా.

నేను కొనేది నిఫ్టీ పుట్ (మార్కెట్ పడితే విలువ పెరిగే ఆప్షన్) ఒక్కటే, అదీ ఎప్పుడో ఒకసారి. దగ్గర్లో ఫీజుకో, ఇంటి ఖర్చుకో షేర్లు అమ్మాల్సి ఉండి, ఈలోగా మార్కెట్ పడుతుందేమో అని టెన్షన్ ఉంటే కొంటాను. చాలాసార్లు ఆ ప్రీమియం పోతుంది. ఖర్చు కిందే రాసుకుంటాను.

మీరైతే ఒక నెల ఏమీ కొనకండి. మీకు బాగా తెలిసిన షేరులో ఒక స్ట్రైక్ పట్టుకుని, రోజూ మూడున్నరకి షేరు ధర, కాల్ ధర, పుట్ ధర నోట్‌బుక్‌లో రాయండి, ఎక్స్‌పైరీ దాకా. ఆ తర్వాత కూడా చేయాలనిపిస్తే విడి షేర్లు వద్దు, నిఫ్టీలో ఒక్క లాట్ కొనండి, ఎక్స్‌పైరీకి ఇంకా మూడు వారాలైనా ఉన్నది చూసి.

ఇంకోటి, ఎఫ్ అండ్ ఓ లాభనష్టాలు వ్యాపార ఆదాయం కిందికి వస్తాయి. ఉద్యోగం చేస్తూ ఐటీఆర్-1 వేసేవారైతే ఒక్క ట్రేడ్ చేసినా ఆ ఏడాది సాధారణంగా ఐటీఆర్-3కి మారాలి. మీ ఆడిటర్‌కి ముందే చెప్పి పెట్టండి.