ఆ అట్టపెట్టె ఫొటోల గురించి

చిట్టీ,

లండన్ సంతలో నువ్వు కొన్న అట్టపెట్టె ఫొటోలు వాట్సాప్‌లో చూశాను. 1950ల నాటి గ్లామర్ ప్రింట్లు ఒక గుట్ట, కొన్ని నెగెటివ్‌లు, అడుగున నాలుగు ‘కెమెరా’ పత్రికలు (ఆ కాలపు ఇంగ్లండ్ న్యూడ్ ఫొటోల పత్రిక; ఇంగ్లిష్‌లో ‘C’ కాదు, ‘K’తో Kamera అని రాస్తారు, వెతికేటప్పుడు గుర్తుంచుకో). మీ అమ్మకి అవి నచ్చలేదని తెలుసు, నేను నచ్చజెబుతాలే. నువ్వు మాత్రం హడావుడిగా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టకు.

ముందు చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వు. ప్రింటుని అంచులు పట్టుకుని వెనక్కి తిప్పు. స్టూడియో స్టాంపు, పెన్సిల్ నంబరు, పత్రికవాళ్లు గీసిన కొలత గీతలు, ఏది కనిపించినా ఉన్నది ఉన్నట్టు నోటుబుక్కులో ఎక్కించు. కాగితం వెనక ప్లాస్టిక్ పూతలా నున్నగా తగిలితే అది ఆ కాలపు ప్రింటు కాదు, తర్వాత వేసిన కాపీ.

రాజమండ్రిలో మీ మామయ్య స్టూడియోలో ఇరవై ఏళ్లు నెగెటివ్‌లు రీటచ్ చేసినదాన్ని, ఈ ఒక్కటీ తప్పకుండా చూడు. ఒక నెగెటివ్‌ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకో. చర్మం ఉన్నచోట కామాల్లాంటి చిన్నచిన్న పెన్సిల్ గీతలు మెరుస్తాయి. నెగెటివ్‌లో ముడత తేటగా ఉంటుంది. అక్కడ పెన్సిల్‌తో నింపితే ప్రింటులో ఆ చోటు తెల్లబడి ముడత మాయమవుతుంది. అప్పట్లో ఇంగ్లండ్‌లో అసభ్యత కేసులకి భయపడి న్యూడ్ ఫొటోల్లో ఒంటి మీది వెంట్రుకలు కూడా చెరిపేసేవాళ్లు. ఆ బొమ్మలు పాలరాతి విగ్రహాల్లా ఉండటానికి కారణం అదే. ఏ నెగెటివ్ దగ్గరైనా వెనిగర్ వాసన వస్తే వెంటనే వేరే కవర్లో పెట్టు, లేకపోతే పక్కవీ పాడవుతాయి.

ఇక మోడళ్ల సంగతి. నీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. ఆ పత్రికల గురించి మాట్లాడేవాళ్లంతా ఫొటోగ్రాఫర్ హారిసన్ మార్క్స్ పేరే చెబుతారు. 1957లో ‘కెమెరా’ని అతనితో కలిసి మొదలుపెట్టింది పమేలా గ్రీన్. లండన్‌లో సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ స్కూల్లో బొమ్మలు నేర్చుకుంటూ, ఫీజుల కోసం చిత్రకారులకి మోడల్‌గా నిలబడిన అమ్మాయి. లండన్‌ సోహో పేటలోని వాళ్ల స్టూడియోలో సెట్లూ, దుస్తులూ, మేకప్పూ కూడా చూసుకునేది. ఎర్ర విగ్గు పెట్టుకుని, మేకప్ మార్చి, రీటా లాండ్రే అనే ఇంకో మోడల్‌గా కూడా ఫొటోలు దిగింది! 1960లో ‘పీపింగ్ టామ్’ సినిమాలో వేషం వేసింది. వెలుగు తన ముఖం మీద ఎలా పడుతుందో తెలిసిన మనిషి ఆమె. అందుకే నీ జాబితాలో ఫొటోగ్రాఫర్‌కి ఒక గడి ఉంటే మోడల్‌కీ ఒక గడి గీయి. పేరు తెలియకపోతే ఖాళీగా ఉంచు, ‘సుందరి’ అనో ‘అందగత్తె’ అనో రాయకు. ఆమె పిల్లలో మనవలో ఎక్కడో ఉంటారు.

దాచడం మాట కొస్తే, జిగురు పేజీల ఆల్బమ్ జోలికి పోకు. మా పెళ్లి ఫొటోలు అందులో పెట్టి, పదేళ్ల తర్వాత తీయబోతే అమ్మ ముఖం సగం పేజీకే అంటుకుపోయింది. ఇప్పటికీ తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆసిడ్ లేని కాగితపు కవర్లు తెచ్చుకో. వెనక ఏదైనా రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయి, బాల్‌పెన్ వద్దు. పెట్టెని అటక మీద పెట్టకు, నేలమాళిగలోనూ వద్దు.

ప్రింటు కొన్నావంటే కాపీరైట్ కొన్నట్టు కాదు. అక్కడ ఫొటోగ్రాఫర్ చనిపోయాక 70 ఏళ్లు ఉంటుంది. మార్క్స్ పోయింది 1997లో, లెక్క వేసుకో. పుస్తకం వేయాలన్న ఆలోచన ఉంటే ముందు హక్కులు ఎవరివో కనుక్కో.

నువ్వు పంపిన మూడో ఫొటో వెనకవైపు కూడా తీసి పంపు. చెవి పక్కన కనిపించే ఆ గీత విగ్గు అంచులాగే ఉంది, కానీ వాట్సాప్‌లో సరిగా తెలియడం లేదు. కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయి.

నీ అత్తయ్య