రాయి ఎంత దూరం మోస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గుడిలో ఎత్తుగా కనబడిన ప్రతిదాన్నీ మా ఇంట్లో గోపురమనే అంటారు. విమానం వేరు, గోపురం వేరు అని మా అమ్మాయి వాదిస్తోంది. దూరం నుంచే తేడా కనిపెట్టవచ్చా? (పాఠకురాలు, తిరుచానూరు)

జవాబు: మీ అమ్మాయి చెప్పిందే సరి. ముందు కలశాలు లెక్కపెట్టండి. గోపురం వాకిలి మీద లేచేది. దాని అడుగు దీర్ఘచతురస్రం కాబట్టి తలకట్టు కూడా అడ్డంగా సాగుతుంది. ఆ వెన్ను మీద కలశాలు బారుగా, సాధారణంగా బేసి సంఖ్యలో నిలబడతాయి. విమానం గర్భగుడి మీదది, చాలావాటికి కలశం ఒక్కటే. అడుగు నుంచి పైకి దాని భాగాలు ఆరు: అధిష్ఠానం (పీఠం), పాదం (గోడ), ప్రస్తరం (చూరు), గ్రీవం (మెడ), శిఖరం, స్తూపి (కలశం). మన దక్షిణాది లెక్కలో శిఖరమంటే పైనున్న టోపీ భాగం మాత్రమే. అది నాలుగు పలకలైతే నాగరం, ఎనిమిదైతే ద్రావిడం, గుండ్రమైతే వేసరం అని శిల్పశాస్త్రాలు చెబుతాయి. తిరుమల ఆనందనిలయం మూడు అంతస్తుల విమానం, తల గుండ్రం.

గోపురానికి కింది భాగమే రాయి. బరువు తగ్గించడానికి పైదంతా ఇటుక, సున్నంతో కట్టి లోపల బోలుగా వదిలేస్తారు. రావి మొలకలకు ఆ సున్నం సందులే కావాలి. పైన తుంచేసి వదిలితే మళ్లీ చిగురించి, వేరు లావై ఇటుకను ఇటుక నుంచి విడదీస్తుంది. వేరుతో సహా తీసి, ఆ సందును మళ్లీ సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక పాత గార పెచ్చులూడిపోతుంది.

ప్రశ్న: గుడిమల్లం పరశురామేశ్వరుడి గుడికి వెనకవైపు గోడ గుండ్రంగా ఉంది. ఎందుకలా? (పాఠకుడు, ఏర్పేడు)

జవాబు: దాన్ని గజపృష్ఠం అంటారు, ఏనుగు వెనకభాగంలా ఉంటుందని. ఈ రూపం పాత బౌద్ధ చైత్యగృహాల్లో (ప్రార్థన మందిరాల్లో) విరివిగా కనిపిస్తుంది. నాగార్జునకొండలో ఇటుక చైత్యాలు ఈ తీరువే. పల్నాడులోని చేజర్ల కపోతేశ్వరాలయం కూడా అంతే. ముందు జనం నిలబడడానికి పొడవాటి గది, చివర స్తూపమో లింగమో, దాని చుట్టూ మూలలు లేని గోడ. గుడిమల్లంలో తవ్వినప్పుడు ఇప్పటి రాతి కట్టడం అడుగున ఇదే ఆకారంలో పాత ఇటుక కట్టడం బయటపడింది. అంటే రాతి గుడి కట్టినవాళ్లు పాత రూపును వదులుకోలేదన్నమాట.

గీయడం తేలిక. గది వెడల్పుకు సరిగ్గా నడుమ మేకు కొట్టి, వెడల్పులో సగం తాడుతో అర్ధవృత్తం తిప్పితే చాలు. కట్టడంలోనే తిప్పలు. లోపలి వెడల్పు 10 అడుగులు, గోడ మందం 2 అడుగులు అనుకోండి. అర్ధవృత్తం లోపలి అంచు 15.7 అడుగులు, బయటి అంచు 22 అడుగులు. మామూలు ఇటుక పేరిస్తే ఆ 6 అడుగుల పైచిలుకు తేడా అంతా బయటి సందుల్లోకి పోతుంది. సందు లావైనచోట గార ఎండేకొద్దీ కుంచించుకుపోయి చీలుతుంది. ఒక వైపు వెడల్పుగా ఉండే ఇటుకలు విడిగా పోయించాలి, లేదా ఇటుకను చెక్కుకోవాలి.

ప్రశ్న: మన మండపాల్లో అన్ని స్తంభాలు ఎందుకు? హాలు మధ్యలో ఖాళీ ఉంటే ఎంత బాగుంటుంది! (పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. రెండు స్తంభాల మీద పరచిన బండకు పైభాగంలో నొక్కుడు, అడుగున లాగుడు. పగులు ఎప్పుడూ అడుగునే మొదలవుతుంది. 6 అడుగుల దూరానికి అర అడుగు మందం చాలిందనుకుందాం. 12 అడుగులకు, బండ సొంత బరువొక్కటే లెక్కేసినా, 2 అడుగుల మందం కావాలి. దూరం రెట్టింపైతే మందం నాలుగింతలు. అందుకే స్తంభం తల మీద రెండు పక్కలా బోదికలు (బండను మోసే రాతి చేతులు) చాపి బండకు దూరం తగ్గించారు. గ్రీకులదీ ఇదే ఇబ్బంది. ఏథెన్స్ పార్థెనాన్‌లో ముఖానికి 8, పక్కకు 17 స్తంభాలు నిలబెట్టింది ఒక్క అందం కోసం కాదు.

ప్రశ్న: చంద్రగిరి రాజమహల్లో చెక్క వాడలేదంటారు. మొహెంజొదారో కాలువ పైకప్పు, రాజమహల్ కమానులు ఒకే పద్ధతా? (పాఠకుడు, చంద్రగిరి)

జవాబు: కాదు. రాజమహల్ రాయి, ఇటుక, సున్నంతో కట్టినది, అక్కడివి అసలైన కమానులు. మొహెంజొదారో మహాస్నానవాటిక కాలువది ముందుకు నెట్టుకొచ్చే వరసల పద్ధతి. ప్రతి వరసా కింది వరసకన్నా కాస్త బయటికి వస్తూ రెండు పక్కలూ పైన కలుస్తాయి.

దీని హద్దు తెలుసుకోవాలంటే బల్ల అంచున నాలుగు 9 అంగుళాల ఇటుకలు పేర్చి చూడండి. పైదాన్ని రెండోదాని మీంచి 4.5 అంగుళాలు, రెండోదాన్ని మూడోదాని మీంచి 2.25, మూడోదాన్ని నాలుగోదాని మీంచి 1.5, నాలుగోదాన్ని బల్ల మీంచి 1.125 అంగుళాలు జరపవచ్చు. పైఇటుక కొస బల్లకు 9 అంగుళాలు దాటి బయటే ఉంటుంది. ఇది పడిపోయే అంచు లెక్క, కట్టేటప్పుడు ఇంతలో సగం కూడా జరపరు, వెనక కొస మీద బరువు పెడతారు. గ్రీసులో మైసీనీ దగ్గర ‘ఆట్రియస్ ఖజానా’ అనే సమాధి, సుమారు 14.5 మీటర్ల వ్యాసం ఉన్నది, గుమ్మటంలా కనిపించినా ఈ పద్ధతిదే. దాని వాకిలి దూలం రాయి వంద టన్నులు దాటుతుంది. ఆ దూలం విరగకుండా పైన త్రికోణం ఖాళీ వదిలి, గోడ బరువును రెండు పక్కలకూ మళ్లించారు. ఆ ఖాళీయే అందులో అసలు తెలివి.

అసలైన కమానులో రాళ్లు కోసుగా ఉంటాయి, సందులన్నీ వంపు కేంద్రం వైపు చూస్తాయి. అడుగున సెంట్రింగ్ (కమాను నిలిచేదాకా మోసే తాత్కాలిక ఆధారం) పెట్టి రెండు కొసల నుంచీ సమానంగా పేర్చుకుంటూ రావాలి. ఒకే పక్క నుంచి పేరిస్తే సెంట్రింగ్ ఒరుగుతుంది. సున్నం గట్టిపడక ముందే తీయకూడదు, తీసేటప్పుడు చీలలు కొద్దికొద్దిగా వదులు చేయాలి. నడినెత్తి రాయికే మహిమంతా కట్టబెడతారు గానీ, ఏ రాయి జారినా కమాను పోతుంది. కమాను పక్కలకు తోస్తుంది కాబట్టి గోడలు కదిలాయంటే నడినెత్తిన కింది అంచులో, భుజాల దగ్గర పై అంచులో చీలికలు వస్తాయి. కమానును రోమన్లు కనిపెట్టారని చాలామంది అనేది మాత్రం తప్పు. ఇజ్రాయెల్‌లోని అష్కెలోన్‌లో మట్టి ఇటుకల కమాను వాకిలి క్రీ.పూ. 1800 ప్రాంతానిది. రాజమహల్లో గార పూత సందుల్ని కప్పేసింది. పెచ్చు ఊడినచోటే వరసలు కనబడతాయి.

ప్రశ్న: జిగ్గురాత్ అంటే ఇరాక్ పిరమిడేనా? (పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: కాదు, అది సమాధి కాదు, పైన గుడి ఉండే మెట్ల దిమ్మె. ఊర్ నగరంలోనిది అడుగున సుమారు 64 మీటర్లు, 45 మీటర్లు. లోపల పచ్చి ఇటుక, బయట తారులో పేర్చిన కాల్చిన ఇటుక. పచ్చి ఇటుక తడిస్తే ఉబ్బుతుంది కనుక తడి పోయేందుకు గోడలో రంధ్రాలు వదిలారు.

ప్రశ్న: మా వాడికి స్కూల్లో అట్టతో గిజా మహా పిరమిడ్ చేయమన్నారు. కొలతలు చెప్పండి. (తండ్రి, తిరుపతి)

జవాబు: అసలు కట్టడం అడుగున ఒక్కో పక్క సుమారు 230 మీటర్లు, కట్టినప్పటి ఎత్తు 146.6 మీటర్లు. వెయ్యో వంతుకు కుదిస్తే 23 సెంటీమీటర్ల చదరం, 14.66 సెంటీమీటర్ల ఎత్తు. పిల్లలు త్రికోణాన్ని కూడా 14.66 ఎత్తుతోనే కత్తిరిస్తారు, నాలుగూ వాల్చి అతికించేసరికి 9 సెంటీమీటర్లే లేస్తుంది. ముఖం వాలుగా ఉంటుంది కాబట్టి త్రికోణం ఎత్తు 18.63 ఉండాలి, పక్క అంచులు 21.9. ఒక్కో అంచుకూ ఒక సెంటీమీటరు అతుకు పట్టీ వదిలి, మడతను ముందు స్కేలుతో గీరి, ఆపైన వంచమనండి.