పెళ్లికి నాలుగు నెలలుంది, గడ్డం మీద వెంట్రుకలకు ఎలక్ట్రాలసిస్ చేయించుకోవచ్చా?

మీకు పీసీఓడీ (హార్మోన్ల తేడాతో ముఖం మీద కూడా వెంట్రుకలు పెరిగే సమస్య) ఉంది, లేజర్ సిట్టింగులు అయ్యాక కూడా గడ్డం కింద కొన్ని మొండి వెంట్రుకలు మిగిలాయి, చెంపల మీద నూగు ఉంది, పెళ్లి దగ్గరపడుతోంది అని రాశారు. గడ్డం వరకైతే చేయించుకోండి. చెంపల జోలికి మాత్రం పోకండి. పెళ్లినాటికి అంతా అయిపోతుందని కూడా అనుకోకండి. నాకూ పీసీఓడీయే, నేనూ లేజర్ అయ్యాకే ఎలక్ట్రాలసిస్‌కి వెళ్లాను.

లేజర్ పనిచేసేది వెంట్రుకలోని నలుపు మీద. అందుకే లావుపాటి నల్లవి పోయి, తెల్లవీ సన్నవీ ఉండిపోతాయి. ఎలక్ట్రాలసిస్‌కి రంగుతో పని లేదు. సన్నటి సూదిని వెంట్రుక పక్కనుంచి కుదుళ్లలోకి దించి కరెంటు ఇస్తారు, ఆ వేడికో, లేదా అక్కడి తడిలో పుట్టే క్షారానికో కుదురు చచ్చిపోతుంది. ఇది కొత్తదేం కాదు. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిచెల్ అనే కంటి డాక్టరు, కంట్లోకి గుచ్చుకునే రెప్ప వెంట్రుకలు తీయడానికి ఈ పద్ధతి వాడాడు. లేజర్ వల్ల వెంట్రుకలు తగ్గుతాయని మాత్రమే చెప్పే అమెరికా ఎఫ్‌డీఏ (మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ), ఎలక్ట్రాలసిస్‌తో శాశ్వతంగా పోతాయని ఒప్పుకుంటుంది.

కాకపోతే ఒక్కో వెంట్రుకనీ విడివిడిగా తీయాలి. పైగా పెరిగే దశలో ఉన్న వెంట్రుకే సరిగ్గా చస్తుంది, మిగతావి పైకొచ్చేదాకా ఆగాలి. గడ్డం ఒక్కదానికే ఏడాది, ఏడాదిన్నర పట్టడం మామూలే. చెంపల మీది నూగంతా ఇలా తీయించుకోవాలంటే డబ్బూ ఓపికా రెండూ చాలవు. ఆ నూగుకి మళ్లీ లేజర్ కూడా వద్దు, పీసీఓడీ ఉన్నవాళ్లలో కొందరికి ముఖం మీద లేజర్ వల్ల వెంట్రుకలు ఇంకా పెరుగుతాయి.

నొప్పి గురించి అడిగారు. గడ్డం ఓర్చుకోవచ్చు. పెదవి పైన అయితే కళ్లలో నీళ్లొచ్చేస్తాయి, తుమ్ములు కూడా! డాక్టర్ని అడిగి మొద్దుబార్చే క్రీము రాసుకుంటే కొంత నయం. నిజానికి నాకు నొప్పి కన్నా కష్టమైంది వెంట్రుకలు పీక్కోకుండా ఉండటం. త్రెడ్డింగ్, వ్యాక్సింగ్, ప్లకర్ అన్నీ మానేయాలి, ఎందుకంటే సూది దించడానికి కుదుళ్లలో వెంట్రుక ఉండాలి కదా. షేవ్ చేసుకోవచ్చు, కత్తెరతో కత్తిరించుకోవచ్చు. నేను వారం మధ్యలో షేవ్ చేసుకుని, తర్వాత రెండు మూడు రోజులు పెరగనిచ్చి, శనివారం సాయంత్రం సిట్టింగ్ పెట్టుకునేదాన్ని. ఎరుపూ వాపూ ఆదివారం ఇంట్లోనే తగ్గిపోయేవి. ఆ రెండు మూడు రోజులు గడ్డం మీద వెంట్రుకలతో ఆఫీసుకి వెళ్లగలరా లేదా అన్నది ముందే తేల్చుకోండి.

మన చామనఛాయ చర్మానికి అసలు ఇబ్బంది మచ్చలు. చిన్న చిన్న పక్కులు కడతాయి, గిల్లకూడదు. అవి రాలాక గోధుమరంగు మచ్చలు వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉంటాయి. "ఉన్న గోల చాలదని ఇదొకటి తెచ్చుకున్నావా" అని మా అమ్మ రోజూ సాధించేది. సన్‌స్క్రీన్ మానకుండా రాస్తే అవి నెమ్మదిగా పోయాయి. మీరు మాత్రం పెళ్లికి ముందు కనీసం నెలన్నర ఖాళీ వదిలేయండి. నలుగు పెట్టేటప్పుడు గడ్డం నిండా పక్కులుంటే మంట, ఫొటోలలో మచ్చలు, ఆ టెన్షన్ ఎందుకు?

ఇంకోటి, హార్మోన్లు అదుపులో లేకపోతే చచ్చిన కుదురు చచ్చినట్టే ఉన్నా, పక్కన నూగు ముదిరి కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. ముందు డాక్టరుకు చూపించి టెస్టోస్టెరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్లకు రక్తపరీక్షలు చేయించుకోండి. మందులు వాడినా వెంట్రుకల మీద తేడా కనిపించడానికి ఆరు నెలలు పడుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, గాయమైతే కిలాయిడ్ గడ్డలు కట్టే తత్వం ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా దీనికి వెళ్లొద్దు. పుట్టుమచ్చ మీది వెంట్రుక అయితే ముందు ఆ మచ్చని చూపించుకోవాలి.

చేసేవాళ్ల చెయ్యి మంచిదో కాదో తెలుసుకోవడం సులువే. మీ కళ్లముందే కొత్త సూది ప్యాకెట్ విప్పాలి. కరెంటు ఇచ్చాక వెంట్రుక లాగినట్టు తెలియకుండా జారి రావాలి. ప్రతిదీ పీకినట్టు అనిపిస్తే అది ప్లకింగే, డబ్బు దండగ. ఛార్జీ మామూలుగా నిమిషాల లెక్కన ఉంటుంది కాబట్టి పావుగంట సిట్టింగ్‌తో మొదలుపెట్టండి. ఈ వారమే దవడ కింద, బయటికి కనపడని చోట కొన్ని వెంట్రుకలు తీయించుకుని నెలరోజులు ఆగి చూడండి. మచ్చలు మానుతుంటే ఇంకో రెండు మూడు సిట్టింగులకు వెళ్లి ఆపేయండి, మిగతాది పెళ్లయ్యాక చూసుకోవచ్చు.