ఆర్సీలో చనిపోయిన తండ్రి పేరు ఉంటే బండి ఎవరిది?

ప్రశ్న: మాది హనుమకొండ. ఎనిమిది నెలల కిందట కరీంనగర్‌లో ఒకాయన దగ్గర 1987 మోడల్ రాజ్‌దూత్ 350 కొన్నాను. బేరం లక్షా ఎనభై వేలు. యాభై వేలు ఫోన్‌పేలో పంపి, మిగతాది చేతికిచ్చాను. అమ్మినట్టు తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆర్సీ బుక్కు 2016లో చనిపోయిన వాళ్ల నాన్న పేరు మీద ఉంది. దాని గడువు 2002లోనే అయిపోయింది. రిపేర్లకు ఇంకో అరవై వేలు పెట్టాను. ఇప్పుడు అతనికి ఎవరో మూడు లక్షలిస్తామన్నారట. 'బండి నాన్న పేరునే ఉంది, చెల్లెళ్లు ఒప్పుకోవట్లేదు, డబ్బు తీసుకుని బండి ఇచ్చేయ్, లేకపోతే దొంగతనం కేసు పెడతాం' అంటున్నాడు. పైగా ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉన్నది కాదని మెకానిక్ చెప్పాడు. ఒకటే టెన్షన్. వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకుంటే ఈ గొడవలన్నీ పోతాయా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు దొంగతనం కేసు భయం వదిలేయండి. యజమానికి ఇష్టం లేకుండా, దురుద్దేశంతో వస్తువు పట్టుకుపోతేనే అది దొంగతనం. ఇక్కడ డబ్బు తీసుకుని, కాగితం రాసిచ్చి, తాళంచెవి తన చేత్తోనే ఇచ్చాడు. పోలీసులు పిలిస్తే వెళ్లి ఆ కాగితం, ఫోన్‌పే రసీదు చూపించండి. బేరం నాటి వాట్సాప్ మెసేజీలు ఒక్కటి కూడా చెరిపేయకండి, ఫోన్ మార్చినా పాత ఫోన్ దాచుకోండి. మీరు నగదు ఇచ్చిన లక్షా ముప్పై వేలకు రేపు కోర్టులో సాక్ష్యం ఆ కాగితమూ ఆ మెసేజీలే.

'ఆర్సీ ఎవరి పేరున ఉంటే బండి వాళ్లదే' అన్నమాట సగమే నిజం. బండి చరాస్తి. వస్తు విక్రయ చట్టం, 1930 ప్రకారం బేరం కుదిరి వస్తువు చేతికొస్తే యాజమాన్యం సాధారణంగా కొన్నవారిదే. పేరు మార్పు తర్వాతి మెట్టు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ కూడా అదే వరుసలో నడుస్తుంది. ఒకే రాష్ట్రంలో అయితే బదిలీ జరిగాక 14 రోజుల్లో అమ్మినవారు, 30 రోజుల్లో కొన్నవారు ఆర్టీఏకు తెలపాలి. మీరిద్దరూ ఆ పని చేయలేదు. దానికి అపరాధ రుసుము ఉంటుందే గానీ అమ్మకం రద్దయిపోదు.

మీ కేసులో అసలు మెలిక ఆర్సీ కాదు, చెల్లెళ్ల వాటా. తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు, కూతుళ్లు, భార్య అందరికీ సమాన వాటా. వాళ్లమ్మ ఉన్నారో లేరో మీరు రాయలేదు, ఉంటే ఆవిడకూ ఒక వాటా. తనకున్న హక్కుకు మించి ఎవరూ అమ్మలేరన్నది సూత్రం. దానికి వస్తు విక్రయ చట్టం 28వ సెక్షన్‌లో మీకు పనికొచ్చే మినహాయింపు ఉంది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి దగ్గరే, మిగతావాళ్ల అనుమతితో వస్తువు ఉండి, కొన్నవారు అతనికి అమ్మే అధికారం లేదని తెలియకుండా నిజాయితీగా కొంటే ఆ అమ్మకం చెల్లుతుంది. తండ్రి పోయిన దగ్గర్నుంచీ బండి అన్న ఇంట్లోనే ఉంది, చెల్లెళ్లు అడ్డు చెప్పలేదు అని చూపగలిగితే మీ వాదన గట్టిదే. 'చెల్లెళ్లకు తెలియకుండా ఇస్తున్నా' అని అతను బేరం నాడే అని ఉంటే మాత్రం ఈ రక్షణ నిలవడం కష్టం. అలాంటి మెసేజ్ ఏదైనా ఉందేమో చూసి, మీ లాయరుకు దాచకుండా చెప్పండి.

నన్నడిగితే చెల్లెళ్లతో నేరుగా మాట్లాడటమే మంచిది. నిజంగా వాళ్లు ఒప్పుకోలేదో, మూడు లక్షలు చూసి అన్నకే మనసు మారిందో అప్పుడు తెలుస్తుంది. వాళ్లకు చెప్పాల్సింది ఒకటుంది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడంది. బండి తండ్రి పేరునే ఉంటే ఆ తలనొప్పి తండ్రి ఆస్తి తీసుకున్న పిల్లల దాకా వచ్చే అవకాశం ఉంది. ఈ ముక్క విన్నాక సంతకాలు పెట్టినవాళ్లను చూశాను.

సంతకాలు కుదిరితే పని రెండంచెల్లో జరుగుతుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అఫిడవిట్‌తో ఫారం 31 మీద ముందు కొడుకు పేరుకు మార్చాలి. ఆ తర్వాత ఫారం 29, 30తో మీ పేరుకు. నేరుగా తండ్రి సంతకంతో పాత తేదీ వేసి ఫారాలు తెచ్చిస్తానని ఏజెంట్లు అంటారు. చనిపోయినాయన సంతకం పెట్టించడం ఫోర్జరీ, అందులో మీరూ ముద్దాయి అవుతారు.

నాకు ఎక్కువ అనుమానంగా ఉన్నది ఇంజిన్ నంబరు. ఈ మోడల్ ఎస్కార్ట్స్ వాళ్లు యమహా లైసెన్సుతో 1983 నుంచి చేసిన రెండు సిలిండర్ల టూ స్ట్రోక్. హై టార్క్, లో టార్క్ అని రెండు రకాలొచ్చాయి. పెట్రోలు ఎక్కువ తాగుతుందని అప్పట్లో ఎవరూ పెద్దగా కొనలేదు. దాంతో తయారీ ఆగింది, విడిభాగాలు దొరక్క ఒక బండి ఇంజిన్ ఇంకో బండికి ఎక్కడం మామూలైంది. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితే మార్చడం నేరం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి, ఇంజిన్ ఎక్కడిదో బిల్లు చూపాలి. మార్చింది ఎవరు, ఎప్పుడు అన్నది అమ్మినాయనతో రాయించుకోండి.

ఛాసిస్ నంబరు మీద పెన్సిల్ రుద్ది అచ్చు తీసి ఆర్సీతో పోల్చండి. అక్షరాలు వంకరగా ఉన్నా, చుట్టూ గ్రైండర్ గీతలున్నా అక్కడే ఆగిపోండి. రెండు నంబర్లనూ ఎన్సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో దొంగ బండ్ల రికార్డుతో సరిచూసుకోవచ్చు. దొంగ సొత్తని తెలిసీ ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా జైలు. అనుమానం నిజమైతే బేరం రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకోండి, ఇంకెవరికీ అమ్మొద్దు.

వింటేజ్ ఆలోచన ఇప్పుడు కుదరదు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మీ బండికి 2037 దాకా ఆగాలి. వచ్చినా ఆ నంబరుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా తిరగకూడదు. మీకు కావలసింది మామూలు రెన్యువల్. ఫారం 25 పెట్టి, బండి తనిఖీకి చూపి, గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము కడితే ఐదేళ్లకు ఇస్తారు. పాత బుక్కు వివరాలు కంప్యూటర్లో లేకపోతే ముందు వాటిని ఎక్కించమని అడగండి. పాత ఆంధ్రప్రదేశ్ నంబరైనా ఇబ్బంది లేదు.

అంతవరకూ బండి స్టార్ట్ చేస్తే చేయండి గానీ రోడ్డెక్కించకండి. రిజిస్ట్రేషన్ బతికి లేని బండితో ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం మీ జేబులోంచే పోవచ్చు.

అతను దారికి రాకపోతే 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇవ్వండి. తర్వాత బదిలీ కాగితాల మీద సంతకం పెట్టమని, బండి బలవంతంగా పట్టుకుపోకుండా ఆపమని సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. గడువు మామూలుగా మూడేళ్లు. వెనక్కి ఇచ్చి వదిలించుకోవాలనిపిస్తే లక్షా ఎనభైకి ఒప్పుకోకండి, రిపేరు బిల్లులు కూడా కలిపి అడగండి, డబ్బు అకౌంట్‌లో పడ్డాకే తాళంచెవి ఇవ్వండి.