టెర్మినల్‌లో గీతల అక్షరాలు

ప్రశ్న: సర్, లినక్స్ టెర్మినల్‌లో ఫ్రెంచ్ ఫైళ్ల పేర్లు టైప్ చేయాలి. నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఈ’ ఎలా కొట్టాలి? కాపీ చేసి అతికిస్తే, సర్వర్‌లో దాని బదులు రెండు పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నాయి.

జవాబు: ‘రెండు’ అని రాసి మంచిపని చేశారు, అసలు సంగతి అందులోనే ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. అలాంటిదే అయిన యూటీఎఫ్-8లో ఆ అక్షరానికి 2 బైట్లు పడతాయి. చదివేవైపు బైటుకో అక్షరం చొప్పున లెక్కేస్తే ఒకటి కాస్తా రెండవుతుంది. ముందు టెర్మినల్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్ చూడండి. తర్వాత సర్వర్‌లో లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్‌ల సెట్టింగు) ఏదో చూపే ‘లొకేల్’ కమాండ్ ఇవ్వండి. ‘సి’ అనో ‘పోసిక్స్’ అనో వస్తే, యూటీఎఫ్-8 ఉన్న లొకేల్‌కి మార్చాలి.

ఇక టైపింగ్. నేనైతే అందరికీ కంపోజ్ కీనే చెబుతాను, అంటే ఆ తర్వాత కొట్టిన రెండు కీలను కలిపి ఒకే అక్షరంగా మార్చే కీ. కీబోర్డు సెట్టింగుల్లో కుడివైపు ఆల్ట్‌ను కంపోజ్ కీగా పెట్టుకోండి. దాన్ని నొక్కి వదిలి, సింగిల్ కోట్, ఆ వెంటనే ‘ఈ’ కొడితే మీ అక్షరం వచ్చేస్తుంది. కామా, ‘సి’ కొడితే కింద తోక ఉన్న ‘సి’. గుర్తు ఆకారాన్ని బట్టి ఊహించుకోవచ్చు, బట్టీ పట్టక్కర్లేదు. గ్నోమ్ టెర్మినల్‌లో కంట్రోల్, షిఫ్ట్, ‘యు’ కలిపి నొక్కి, కోడ్ ‘ఈ9’ కొట్టి ఎంటర్ నొక్కినా వస్తుంది గానీ, రోజూ రాసేవాళ్లకు అది విసుగే.

పాత మ్యాక్‌ల నుంచి వచ్చిన పేర్లతో మాత్రం జాగ్రత్త. వాటిలో అక్షరం, గీత విడివిడి కోడ్‌లుగా ఉంటాయి. కంటికి తేడా తెలియదు, లినక్స్‌కు మాత్రం అది వేరే పేరు. అలాంటప్పుడు మొదటి అక్షరాలు కొట్టి, మిగతాది ట్యాబ్ కీతో పూర్తి చేయించండి.