ఇటలీ వేసవి శిబిరంలో చిన్నపిల్లలకు ఇంగ్లిష్ నేర్పాలి, ఎలా మొదలుపెట్టాలి?

బొలోన్యాలో ఎమ్మెస్సీ చదువుతున్నాననీ, జులైలో రెండు వారాలపాటు ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే అవకాశం వచ్చిందనీ, ఇటాలియన్ అంతంతమాత్రమనీ రాశారు. అదే ఊళ్లో చదువుకుంటూ నేను రెండు వేసవులు ఈ పని చేశాను. మీకు ఇటాలియన్ రాకపోవడం పెద్ద ఇబ్బంది కాదు. మొదటి రోజే పిల్లల చేత మాట్లాడించాలన్న తొందరే అసలు ఇబ్బంది.

నేను చేసిన తప్పు అదే. అందరినీ వరుసగా కూర్చోబెట్టి పేరూ వయసూ ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. మూడో పాప వంతు వచ్చేసరికి ఏడ్చేసింది. ఆ ఏడుపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

మర్నాడు పాఠం పక్కన పెట్టి, వాళ్లు ఆడుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. 'స్త్రేగా కొమాందా కొలోరె' అని ఒక ఆట ఉంది. మంత్రగత్తె ఒక రంగు పేరు చెబుతుంది, అందరూ పరుగెత్తి ఆ రంగున్న వస్తువును ముట్టుకోవాలి. మన పిల్లలు 'కలర్ కలర్' అంటూ ఆడే ఆటే! నేనే మంత్రగత్తెనై, రంగుల పేర్లు మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పాను. నియమాలు వివరించే పనే లేకపోయింది. ఒకరు గోడవైపు తిరిగి అంకెలు లెక్కపెడుతుంటే మిగతావాళ్లు ముందుకు కదిలే 'ఉన్, దుఎ, త్రె, స్తెల్లా' ఆటలోకి నడవడం, గెంతడం, పాకడం చెప్పే ఇంగ్లిష్ క్రియలు చేర్చాను. మీరు కొత్త ఆటలు మోసుకెళ్లకండి, వాళ్ల ఆటల్లోకే మీ మాటలు పంపండి.

ముందు విని శరీరంతో స్పందించడం, మాట తర్వాత రావడం అనే ఈ దారిని అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ యాషర్ 1960లలోనే ఒక బోధనా పద్ధతిగా రూపొందించాడు. నాకది ఒక పిల్లవాడి వల్ల అర్థమైంది. నాలుగు రోజులు నోరు విప్పలేదు, కానీ ఏ రంగు చెప్పినా సరైన చోటికే పరుగెత్తేవాడు. ఐదో రోజు తానే మంత్రగత్తెనవుతానని ముందుకొచ్చి, గొంతెత్తి "రెడ్డె!" అని అరిచాడు.

ఆ ఉచ్చారణ విని నాకు ఎంత ఆత్మీయంగా అనిపించిందో! మనం 'బస్సు', 'బుక్కు' అన్నట్టే వాళ్లూ హల్లును ఒత్తి చివర అచ్చు చేరుస్తారు. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే ఆ పిల్లల నోటికి ఏది కష్టమో తెలుగువాళ్లు తొందరగా పట్టుకోగలరు. ఇటాలియన్‌లో 'హ' ధ్వని లేదు కాబట్టి 'హంగ్రీ' కాస్తా 'యాంగ్రీ' అవుతుంది. వయసు చెప్పేటప్పుడు 'ఐ హావ్ సెవెన్ ఇయర్స్' అంటారు, వాళ్ల భాషలో ఏళ్లు 'ఉంటాయి' మరి. తప్పని చెప్పకండి. "ఓహో, నీకు ఏడేళ్లా!" అని సరైన ఇంగ్లిష్ వాక్యంలో మీరు తిరిగి అడగండి, చాలు.

మధ్యాహ్నం ఎండకు పిల్లలు వాడిపోతారు. అప్పుడు నీడలో బొమ్మల కథ తప్ప మరేమీ పెట్టుకోకండి.

ఇంగ్లిష్ తప్ప మరో మాట వినిపించకూడదని కొన్ని శిబిరాల్లో నియమం పెడతారు. మోకాలు గీరుకుపోయి ఏడుస్తున్న బిడ్డ దగ్గర ఆ నియమం పాటించకండి. "తి ఫా మాలె?" అంటే నొప్పిగా ఉందా అని. 'బాన్యో' అంటే బాత్‌రూమ్. ఇలాంటి పది మాటలు ముందే నేర్చుకోండి.

పని గంటల సంగతీ అడిగారు. చదువు కోసం ఇచ్చే నివాస పర్మిట్ మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటల వరకు పని చేయవచ్చు. శిబిరం రోజంతా సాగేదైతే మీ గంటలు ఆ పరిమితిలోకి ఎలా వస్తాయో ఒప్పందంపై సంతకానికి ముందే విశ్వవిద్యాలయ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పిల్లలతో నేరుగా పనిచేసేవారికి నేరచరిత్ర లేదన్న ధ్రువపత్రం కూడా చూస్తారు, దానికీ కొన్ని రోజులు పడుతుంది.