రాడార్ ‘పసిగట్టింది’ అనాలా, ‘గుర్తించింది’ అనాలా?

సందేహం: ‘డ్రోన్‌ను రాడార్ గుర్తించింది’ అని ఒక పత్రిక, ‘పసిగట్టింది’ అని ఇంకో పత్రిక రాశాయి. రెండూ ఒకటేనా? ‘ఎయిర్ డిఫెన్స్’కు ‘వాయు రక్షణ’, ‘గగనతల రక్షణ’లలో ఏది మేలు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: ఒకటి కావు. మీ వైపు జొన్నచేలో మంచె మీద కావలి ఉన్న మనిషి చీకట్లో ఏదో కదిలితే పసిగడతాడు. అది అడవిపందో, నీళ్లు కట్టడానికొచ్చిన పక్క చేను రైతో గుర్తుపడతాడు. ఆ తర్వాతే వడిసెల తిప్పుతాడు. ‘నన్ను గుర్తువట్టినవా?’ అని మన జిల్లాల్లో అడిగితే ‘నేనెవరో తెలిసిందా’ అనే కదా అర్థం!

రాడార్ తరంగం దేనికో తగిలి తిరిగొస్తే తెర మీద చుక్క పడుతుంది. ఇది పసిగట్టడం. ఆ చుక్క మన విమానమా, పరాయిదా, ప్రయాణికులదా, కొంగల గుంపా అని తేల్చడం గుర్తించడం. అందుకు ఆ విమానానికి రహస్య సంకేతంతో ప్రశ్న పంపుతారు. సరైన జవాబొస్తే మనదే. రాకపోతే మాత్రం శత్రువని రూఢి కాదు. విమానంలో జవాబిచ్చే పరికరం చెడి ఉండొచ్చు, ఆపేసి ఉండొచ్చు. దారి, వేగం, ఎత్తు కూడా సరిచూడాలి.

2020 జనవరి 8న టెహ్రాన్ దగ్గర ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని ఇరాన్ క్షిపణులు కూల్చాయి. 176 మంది చనిపోయారు. చోటు మార్చిన క్షిపణి వాహనానికి దిక్కు మళ్లీ సరిచేయలేదని, నగరం నుంచి వెళ్తున్న విమానం నగరం వైపు వస్తున్నట్టు కనబడిందని ఇరాన్ దర్యాప్తే చెప్పింది. పసిగట్టడం జరిగింది, గుర్తించడం తప్పింది. ‘గుర్తించి కూల్చారు’ అని రాస్తే, తెలిసే కూల్చారన్న అభియోగం అవుతుంది. ఒక్క క్రియాపదం ఎంత పని చేస్తుందో చూడండి.

చిన్న డ్రోన్లు వచ్చాక ఈ తేడా ఇంకా ముఖ్యం. నెమ్మదిగా ఎగిరే డ్రోన్‌కూ పక్షికీ తెర మీద పోలిక ఎక్కువ. పైగా భూమి వంపు వల్ల 10 మీటర్ల ఎత్తున్న రాడార్‌కు 100 మీటర్ల ఎత్తులో ఎగిరేది సుమారు 54 కిలోమీటర్ల లోపలికొస్తేనే కనబడుతుంది. కాబట్టి రష్యా తయారుచేసిన గగనతల రక్షణ వ్యవస్థ గురించి ‘600 కిలోమీటర్ల దాకా పసిగట్టే ఎస్-400’ అని రాసేవారు అది ఎత్తున ఎగిరేవాటికేనని చేర్చాలి.

‘వాయు రక్షణ’ వ్యాకరణానికి తప్పు కాదు. కానీ ‘వాయు కాలుష్యం’ అలవాటైన చెవికి గాలిని శుభ్రంగా ఉంచడంలా వినబడుతుంది. నేను ‘గగనతల రక్షణ’ అనే రాస్తాను. ‘వాయుసేన’కు ఆ చిక్కు లేదు, ‘సేన’ అర్థాన్ని తేల్చేస్తుంది.